సాంస్కృతిక విశిష్టత: అమెరికా ప్రవేశచట్టమునందు కళారూప నిర్వచనము

1. విషయ ప్రస్తావన

పరదేశపు కళాకారుని ఒక దేశమువారు కొద్దికాలము తమయొద్ద ప్రదర్శన మిచ్చుటకై ఆహ్వానించినపుడు, ఆ దేశపు ప్రవేశచట్టము అతనిని రెండు విధములుగ చూడగలదు. అతడు అతిథి, అతడే ప్రతిఫలము పుచ్చుకొని పనిచేయువాడు కూడ. అతిథిగ చూచినచో తలుపు తెఱవవలెను. పనివాడుగ చూచినచో స్థానిక కళాకారుల జీవనోపాధికి భంగము కలుగకుండ కాపాడవలెను. ఈ రెండు దృష్టుల నడుమ కుదిరిన సంధియే విదేశ కళాకారుల తాత్కాలిక ప్రవేశమునకు సంబంధించిన నియమావళి.

ఇవి న్యాయవాదులకును సభానిర్వాహకులకును సంబంధించిన సంగతులు గదా, తెలుగుశాఖలకు వీనితో పని యేమి యని తోచవచ్చును. పని కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల నియమములలో పి-3 అను తరగతి యొకటి యున్నది. ఒక కళారూపము 'సాంస్కృతికముగ విశిష్టమైనది' అగునా కాదా యను ప్రశ్నపై ఆ తరగతియందలి నిర్ణయము నిలిచియున్నది. ఆ ప్రశ్నకు సాక్ష్యముగ చట్టము కోరు వానిలో మొదటిది ఆ కళ నెఱిగిన నిపుణుల లేఖ. కూచిపూడి నర్తకికి పత్రికలలో సమీక్షలుండును. ఒగ్గుకథకునకు, చిందు భాగవతునకు, తోలుబొమ్మల నాడించువానికి అవి యుండుట యరుదు. అట్టివారి విషయమున దాదాపు సర్వభారము ఆ లేఖపై పడును. దానిని వ్రాయదగినవారు మన యాచార్యులు, పరిశోధకులు. కావున చట్టము ఏమి యడుగుచున్నదో, దానికి శాస్త్రీయముగ నెట్లు సమాధాన మీయవలెనో వివరించుట ఈ వ్యాసమునకు లక్ష్యము.

2. పూర్వచరిత్ర

అమెరికాలో ఈ నియమములకు మూలము 1885 నాటి పరదేశ ఒప్పంద కార్మికుల చట్టము. ముందుగ ఒప్పందము చేసికొని విదేశముల నుండి కూలివారిని దిగుమతి చేయుటను ఆ చట్టము నిషేధించెను. ఐనను వృత్తి నటులను, కళాకారులను, ఉపన్యాసకులను, గాయకులను నిషేధమునుండి మినహాయించెను. కళ పని కాదను భావము ఇందు స్పష్టము.

ఈ మినహాయింపు స్థానిక సంగీత వాద్యకారులకు రుచింపలేదు. వాద్యబృందములో కూర్చుండి వాయించువాడు కళాకారుడా, కార్మికుడా అను వివాదము పుట్టెను. 1893లో న్యూయార్కు నగరమున వాల్టర్ డామ్రోష్ అను బృందనాయకుడు డెన్మార్కునుండి ఆంటన్ హెగ్నర్ అను వాద్యకారుని రప్పింపగా, సంఘసభ్యులైన స్థానిక వాద్యకారులు అతనితో కలిసి వాయించుటకు నిరాకరించిరి. 1896లో అమెరికా సంగీతకారుల సమాఖ్య ఏర్పడిన పిమ్మట ఈ ఒత్తిడి మఱింత పెరిగెను. తుదకు 1932 మార్చి 17 నాటి చట్టముచే వాద్యకారులకు ఒక పరిమితి యేర్పడెను. విశేష ప్రతిభ కలవాడై, తత్ప్రతిభను కోరు ప్రదర్శనలకు వచ్చువాడైననే అతడు 'కళాకారుడు' అను మినహాయింపునకు అర్హుడు. ప్రతిభ యను కొలబద్ద చట్టమున ప్రవేశించినది ఇట్లు.

భారతీయుల కథ వేఱొక మలుపు తిరిగినది. 1917 నాటి చట్టము ఆసియాలో ఒక నిషిద్ధ మండలమును గీచి, భారతదేశమును అందు చేర్చెను. అందును కళాకారులకు, గ్రంథకర్తలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మినహాయింపు కలదు. ఉదయశంకర్ బృందము 1932 డిసెంబరులో న్యూయార్కునందు ప్రదర్శన లిచ్చునాటికి సామాన్య భారతీయునకు ఆ దేశమున స్థిరపడు మార్గము మూసివేయబడియే యుండెను. కళకు తెఱవబడిన తలుపు మనుష్యునకు మూయబడియున్న కాలమది. 1946లో ఏటికి 100 మంది చొప్పున భారతీయుల వలసకు అనుమతి లభించెను. భరతనాట్యముతోపాటు కూచిపూడి, ఒడిస్సీ నేర్చిన ఇంద్రాణీ రెహమాన్ 1961లో ఏషియా సొసైటీ పక్షమున అమెరికాలో పర్యటించిరి.

1952 నాటి చట్టము విశేషప్రతిభ కలవారిని హెచ్-1 అను తరగతిలో చేర్చెను. అప్పుడు ఇంజనీరునకు, గాయకునకు తరగతి ఒక్కటియే. 1990 నవంబరు 29 నాటి ప్రవేశచట్టము ఈ కలయికను విడదీసి, కళాకారులకును క్రీడాకారులకును ఓ, పి అను రెండు క్రొత్త తరగతుల నేర్పఱచెను. ఇవి 1992 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. తొలుత పి తరగతికి ఏటికి 25,000 అను సంఖ్యాపరిమితి విధింపబడెను గాని, సంగీత నాటక సంస్థల యభ్యంతరములవలన 1991లోనే అది తొలగింపబడెను.

3. నేటి తరగతులు

కళాకారులకు సంబంధించినంతవరకు ముఖ్యమైన తరగతులు నాలుగు. ఓ-1 తరగతి అసాధారణ ప్రతిభగల వ్యక్తికి చెందును. కళారంగమున దీనికర్థము సామాన్యముగ కనబడు దానికంటె మిక్కిలి హెచ్చైన ప్రసిద్ధి. ఒక్కొక్కసారి మూడు సంవత్సరములవరకు అనుమతి లభింపవచ్చును. పి-1 తరగతి అంతర్జాతీయ ఖ్యాతి గల బృందములకు. బృందసభ్యులలో నూటికి 75 మంది కనీసము ఒక సంవత్సరముగ ఆ బృందముతో సంబంధము కలవారై యుండవలెను. పి-2 అన్యోన్య వినిమయ పథకముల క్రింద వచ్చువారికి. పి-3 సాంస్కృతికముగ విశిష్టమైన కార్యక్రమమునకు వచ్చువారికి.

మొదటి రెండింటికిని పి-3కిని గల భేదము మౌలికమైనది. ఓ-1, పి-1 తరగతులు కీర్తిని కొలుచును. పి-3 కీర్తి నడుగదు. ఊరిబయట గుడారము వేసికొని యాడు బృందమైనను, తన కళారూపము విశిష్టమైనదనియు, తన నైపుణ్యము ప్రామాణికమైనదనియు నిరూపించినచో అర్హమగును. ప్రసిద్ధి లేని పరంపరకు చట్టము చూపిన దారి ఇది యొక్కటియే యనుట అతిశయోక్తి కాదు.

ఇక సందర్శక వీసా మాట. విహారమునకో బంధుదర్శనమునకో వచ్చు అనుమతితో వృత్తి కళాకారుడు ప్రదర్శన మీయరాదన్నది సామాన్యసూత్రము. మినహాయింపులు స్వల్పములు. స్వదేశ ప్రభుత్వమే సర్వవ్యయములు భరించి పంపగా, రుసుము చెల్లింపని ప్రేక్షకుల యెదుట ఇచ్చు సాంస్కృతిక ప్రదర్శన ఒకటి. బహుమతియు ఖర్చులును దప్ప వేఱు ప్రతిఫలము లేని పోటీ మఱియొకటి. వృత్తికాక అభిరుచిచే ఆడు పాడువారు సేవాసందర్భములలో ఉచితముగ పాల్గొనుట మూడవది. ఇక్కడ మన సభానిర్వాహకులు తఱచు పొరబడు అంశ మొకటి కలదు. మామూలుగ డబ్బు పుచ్చుకొని ప్రదర్శించువాడు ఈసారి ఉచితముగ నాడెదనన్నంత మాత్రమున అభిరుచి కళాకారుడు కాజాలడు. చట్టము చూచునది ఒక్క సాయంకాలపు ప్రతిఫలమును గాదు, అతని వృత్తిని.

4. నిర్వచనము

'సాంస్కృతిక విశిష్టత'కు అమెరికా నియమావళి యిచ్చిన నిర్వచనము మన పరిశోధకులు శ్రద్ధతో చదువదగినది. దాని తాత్పర్యమిది: ఒక ప్రత్యేక దేశమునకు గాని, జాతికి గాని, సమాజమునకు గాని, వర్గమునకు గాని, తెగకు గాని, మతమునకు గాని, మఱియే యితర జనసమూహమునకు గాని విశిష్టమైన కళాభివ్యక్తి శైలి, పద్ధతి లేక మాధ్యమము.

ఇందు గమనింపదగిన అంశములు మూడు. మొదటిది, కళ ఒక దేశమునకు చెందినదై యుండవలెనను నిర్బంధము లేదు. ఒక తెగకో, ఒక వృత్తివర్గమునకో చెందినదైనను చాలును. రెండవది, విశిష్టత శైలికి చెప్పబడినదేగాని వ్యక్తి జన్మకు చెప్పబడలేదు. మూడవది, పి-3 కార్యక్రమము విశిష్టమైనది 'గాని' సంప్రదాయికమైనది 'గాని' కావచ్చునని చట్టము వికల్పముగ చెప్పుచున్నది. అనగా ప్రాచీనత ఒక గుణమేగాని అదే సర్వస్వము గాదు.

ఈ తరగతిలో వచ్చువాడు ప్రదర్శింపవచ్చును, వ్యాఖ్యానింపవచ్చును, బోధింపవచ్చును, శిక్షణ మీయవచ్చును. కార్యక్రమము ఆ కళయొక్క అవగాహనకో అభివృద్ధికో తోడ్పడునదై యుండవలెను. అది లాభాపేక్షతో జరుగునదైనను అభ్యంతరము లేదు. కాని ఒక కఠినమైన షరతు కలదు. ఆ పర్యటనలోని ప్రదర్శనలన్నియు సాంస్కృతికముగ విశిష్టమైనవే కావలెను. ఈ షరతు మన ప్రవాస సభలకు చక్కగ వర్తించును. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘము ఏర్పడిన నాటినుండి అచ్చటి మహాసభలలో సంప్రదాయ నృత్యము, సినిమా పాట, హాస్యప్రసంగము ఒకే వేదికపై సాగుట పరిపాటి. సభ మిశ్రమమైనంత మాత్రమున దోషము లేదు. బుఱ్ఱకథకునిగ ఆహ్వానింపబడినవాడు ఆ రాత్రియే సినిమా పాటల గోష్ఠిలో డోలు వాయించినచో అనుమతి మేర దాటినవాడగును.

5. 2012 నాటి తీర్పు

సంప్రదాయ మనగా కలగాపులగము కానిదే యనుకొనువారికి సమాధానమైన తీర్పొకటి 2012 మే 15న వెలువడినది. లాస్ ఏంజలిస్ నగరమునందలి స్కర్బాల్ సాంస్కృతిక కేంద్రము అర్జెంటీనానుండి ఒక సంగీతబృందము నాహ్వానించెను. ఆ బృందము తూర్పు ఐరోపా యూదుల క్లెజ్మర్ సంగీతమును లాటిన్ అమెరికా లయలతో మేళవించి వాయించునది. రెండు సంస్కృతుల కలయికయగు శైలి ఏ యొక్క జాతికిని విశిష్టము గాదను హేతువుతో అధికారి తిరస్కరించెను. పునర్విచారణలో ఆ నిర్ణయము త్రోసివేయబడెను.

పునర్విచారణాధికారులు స్థాపించిన సూత్రములు రెండు. నిర్వచనమునందలి 'ఇతర జనసమూహము' అను మాట విశాలమైనది గనుక, సంకర శైలియైనను గుర్తింపదగిన ఒక సమూహమునకు విశిష్టమని నిరూపింపబడినచో చాలును. విశిష్టత ప్రాచీన సంప్రదాయ కళలకే పరిమితము గాదు. ఇది మొదటిది. విశ్వసనీయమును, సంగతమును, ఖండింపబడనిదియు నగు నిపుణసాక్ష్యమును అధికారి తన యూహచేత త్రోసివేయరాదన్నది రెండవది. ఐతే ఇతర సాక్ష్యములతో పొసగని నిపుణాభిప్రాయమునకు తక్కువ విలువ నిచ్చు అధికారము వారికి లేకపోలేదు. కేవల ప్రశంస సాక్ష్యము గాదు. ఈ తీర్పు తదనంతర నిర్ణయములకు ప్రమాణముగ ప్రకటింపబడినది.

6. మన కళారూపములకు అన్వయము

ఈ నిర్వచనమును మన కళలకు అన్వయించి చూచినచో, తెలుగు కళాచరిత్రలో మనమెఱిగిన పాత చర్చలే క్రొత్త రూపమున ఎదురగుచున్నవి.

కూచిపూడిని మొదట తీసికొందము. కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమున కొన్ని బ్రాహ్మణ కుటుంబముల పురుషులు ఆడిన యక్షగాన, కలాప ప్రదర్శనలు దీని మూలము. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన భామాకలాపము దీని తలమానికము. వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీవేషధారణ ఆ పరంపరకు ప్రసిద్ధ నిదర్శనము. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పుటతోను, వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి నృత్యనాటికలు రచించి ప్రదర్శించుటతోను ఆ కళ గ్రామసీమను, కులసీమను, లింగసీమను దాటినది. 1958లో ఢిల్లీ సదస్సున దీని శాస్త్రీయతపై ప్రశ్న లేచుటయు, 1959లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రత్యేక సదస్సు జరుపుటయు మన మెఱిగినవే. నాటి చర్చ శాస్త్రీయతను గూర్చినది. చట్టము అడుగుచున్నది శాస్త్రీయతను గాదు, విశిష్టతను. కావున 'ఇది శాస్త్రీయ నృత్యము' అని మాత్రము వ్రాసిన లేఖ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదు. వాచికాభినయము, ప్రవేశదరువు, తరంగమున పళ్లెముపై నర్తనము, తెలుగు సాహిత్యముతో గల యవినాభావము మొదలగు లక్షణములను చెప్పి, ఇవి సమీప నృత్యరీతులనుండి దీని నెట్లు వేఱుచేయుచున్నవో చూపవలెను.

తోలుబొమ్మలాట మఱింత యాసక్తికరము. అనంతపురమునకు చేరువనున్న నిమ్మలకుంట కళాకారులు దీనికి ప్రసిద్ధులు. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక లభించినది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఈ ఆటను ఆడు కుటుంబములలో పెక్కింటికి ఇంటిభాష మరాఠీ సంబంధి. ఆటయందలి పాట తెలుగు; రామకథకు ఆధారము రంగనాథ రామాయణము. 'ఇది ఆంధ్రుల కళ' అని గుండుగుత్తగ వ్రాసినచో ఈ సత్యము మరుగుపడును. మరాఠీ మూలముగల వృత్తికుటుంబములు తెలుగు సాహిత్యము నాశ్రయించి తరతరములుగ పెంచిన కళ యని ఉన్నదున్నట్లు వ్రాసినచో, 2012 నాటి తీర్పు ననుసరించి అది బలమగునేగాని లోపము గాదు.

పేరిణి మఱియొక విధమైన సమస్య. నటరాజ రామకృష్ణ జాయపసేనాని నృత్తరత్నావళిని, 1213 నాటి రామప్ప దేవాలయ శిల్పములను ఆధారము చేసికొని ఇరువదవ శతాబ్దమున దీనిని పునర్నిర్మించిరి. దీనిని కాకతీయుల కాలమునుండి అవిచ్ఛిన్నముగ వచ్చిన పరంపర యని వ్రాయుట చరిత్రకు విరుద్ధము. అట్టి వ్రాత అధికారికి లభ్యమగు ఇతర గ్రంథములతో పొసగక, లేఖయంతటిని అనుమానాస్పద మొనర్చును. శాస్త్రగ్రంథమును శిల్పమును ఆధారముగ చేసికొని తెలంగాణమున పునర్నిర్మితమై, గురుశిష్యక్రమమున నేర్పబడుచున్న నృత్యమని వ్రాయుట సత్యము. విశిష్టతకు అదియే చాలును.

వృత్తిగాయక కళలు చట్టనిర్వచనమునకు మిక్కిలి దగ్గరైనవి. మల్లన్న, బీరప్ప కథలను గానము చేయు ఒగ్గుకథకులు, చిందు భాగవతులు, పన్నెండుమెట్ల కిన్నెర వాయించువారు ఒక్కొక్క సమూహమునకు చెందిన కళను నిలుపుచున్నారు. కిన్నెర మొగులయ్యకు 2022లోను, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లోను పద్మశ్రీ లభించెను. కాని బిరుదు లేనివారే యెక్కువ. వారికి చట్టము తలుపు తెఱచియున్నను, తలుపు తట్టుటకు కావలసిన కాగితము లేదు.

బుఱ్ఱకథ జన్మప్రశ్నను పరిష్కరించును. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ద్వారా దానిని ఆంధ్రదేశమంతట వ్యాపింపజేసి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ జంగమ కుటుంబమున పుట్టినవాడు గాడు. ఐనను ఆయన బుఱ్ఱకథకు ప్రామాణికత లేదనువారెవరు? ప్రామాణికత అభ్యాసమున, గురుముఖమున, ప్రేక్షకుల యంగీకారమున నిలుచును.

7. నిపుణుని లేఖ

ఇట్టి లేఖయందు నాలుగు విషయములు స్పష్టముగ నుండవలెను.

మొదటిది లేఖకుని యర్హత. అతడు ఆ కళను ఎట్లెఱుగును? క్షేత్రపరిశోధన చేసెనా, గ్రంథము వ్రాసెనా, ఎన్ని ప్రదర్శనలు చూచెను? నియమావళి జ్ఞానమునకు ఆధారమును చెప్పుమని ప్రత్యేకముగ అడుగుచున్నది. పదవి పేరు మాత్రమే ఆధారము గాజాలదు.

రెండవది కళాకారుని నైపుణ్యము. ఒగ్గుకథను గూర్చి పది పుటలు వ్రాసి, ఫలానా వ్యక్తి ఎవరియొద్ద నేర్చెను, ఏ కథలు చెప్పగలడు, బృందములో అతని స్థానమేమి యని ఒక్క వాక్యమైన వ్రాయని లేఖలు వ్యర్థములు. చట్టము కోరునది కళాచరిత్రను మాత్రమే గాదు, ఆ వ్యక్తి నైపుణ్యముయొక్క ప్రామాణికతను.

మూడవది విశిష్టతా నిరూపణము. ఏ సమూహమునకు విశిష్టము? ఏ లక్షణములచే? సమీప కళలకు దీనికి భేదమేమి? ఇది పరిశోధకునికి సహజమైన పని. కన్నడ దేశపు తొగలు గొంబెయాట నుండి మన తోలుబొమ్మలాట ఏయే విషయములలో భిన్నమో చెప్పగలవాడే నిపుణుడు.

నాలుగవది కార్యక్రమ పరిశీలన. పర్యటనలో ప్రదర్శింపబోవు అంశముల పట్టికను చూచి, అవి యన్నియు ఆ కళకు చెందినవేనని చెప్పగలిగినపుడే చెప్పవలెను.

నిపుణుని లేఖ లేక సమీక్షల ప్రతులు, వీనిలో నొకటి చాలునని నియమము. రెండును ఉన్నచో మేలు. సమీక్షలు తెలుగులో నున్నచో సంపూర్ణమైన ఆంగ్లానువాదమును, అనువాదము సమగ్రమును సత్యమును ననియు, తనకు రెండు భాషలయందు పాటవము కలదనియు అనువాదకుడు వ్రాసియిచ్చిన ధ్రువపత్రమును జతపఱుపవలెను. ఇందు సారాంశానువాదము పనికిరాదు. 'ఒగ్గు', 'దరువు', 'వంత' వంటి పారిభాషిక పదములను ఆంగ్లపదములతో సరిపెట్టక, మూలపదము నుంచి వివరణ వ్రాయుట ఉత్తమము. ఆ పదము అనువదింపరానిదగుటయే విశిష్టతకు ఒక గుర్తు.

8. విధానము

అర్జీ పెట్టవలసినది కళాకారుడు గాదు. అమెరికాలోని ఆహ్వాన సంస్థ గాని, యజమాని గాని, ప్రతినిధి గాని ఐ-129 అను ఫారముపై అర్జీ పెట్టవలెను. పెక్కు నగరములలో వేర్వేఱు సంస్థలు ఆహ్వానించినపుడు ఒక ప్రతినిధి పేర అర్జీ పెట్టుట సులభము. ఒప్పందపత్రము, కార్యక్రమ వివరము, తేదీలతో పర్యటనపట్టిక, పైన చెప్పిన సాక్ష్యములు దానికి జతపడవలెను. సంబంధిత కార్మికసంఘముయొక్క సలహాలేఖయు కావలెను. సంగీతమునకు అమెరికా సంగీతకారుల సమాఖ్యయు, నృత్యమునకు 1936లో స్థాపితమైన అమెరికా సంగీత కళాకారుల గిల్డును సాధారణముగ దీని నిచ్చుచున్నవి. 1893 నాటి కలహము నేడు ఈ సలహాలేఖగ శాంతించినదనవచ్చును. ఆ సలహా అధికారిని బంధింపదు. తగిన సంఘమే లేనిచో ఉన్న సాక్ష్యములపై నిర్ణయము జరుగును.

ప్రదర్శనకు ఒక సంవత్సరముకంటె ముందుగ అర్జీ పెట్టరాదు. అనుమతి గరిష్ఠముగ ఒక సంవత్సరము. తరువాత సంవత్సరము చొప్పున పొడిగింపు కోరవచ్చును. వేషము వేయువారు, దీపములు చూచువారు మొదలైన అవసర సహాయకులకు వేఱు అర్జీ కావలెను. బృందములో ఒకరు రాలేకపోయినచో కాన్సులేటులో మఱియొకరిని చేర్పింపవచ్చును గాని సహాయకుల విషయమున ఈ వీలు లేదు. అనుమతి లభించిన పిమ్మట అట్టివే మఱికొన్ని ప్రదర్శనలు చేర్చుకొనుటకు క్రొత్త అర్జీ యక్కఱలేదు. భార్యాపిల్లలు పి-4 క్రింద రావచ్చును, పని చేయరాదు. గడువునకు ముందే యజమాని పని మాన్పించినచో తిరుగు ప్రయాణపు వ్యయము యజమానియు అర్జీదారును భరింపవలెను. ఇది బీద కళాకారునకు గొప్ప రక్షణ. ప్రయాణమునకు ముందే అతనికి తెలియజెప్పదగినది.

2024 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన మార్పులచే ఒక్కొక్క అర్జీలో 25 మందికి మించి చేర్చుటకు వీలులేకపోయెను. అర్జీ రుసుము 460 డాలర్లనుండి 1,015 డాలర్లకు పెరిగెను. చిన్న సంస్థలకును లాభాపేక్షలేని సంస్థలకును 510 డాలర్లుగ నిర్ణయింపబడెను. ముప్పదిమంది గల యక్షగాన బృందమునకు నాడు ఒక అర్జీ చాలినచోట రెండు కావలసివచ్చెను.

అర్జీ అంగీకరింపబడుటతో పని ముగియదు. కళాకారుడు కాన్సులేటులో వీసాకు ప్రత్యక్షముగ విచారింపబడును. 2008లో హైదరాబాదున కాన్సులేటు నెలకొల్పబడుటకు పూర్వము తెలుగువారు చెన్నపట్టణము పోవలసివచ్చెడిది. పి తరగతివాడు తాను విడిచిపెట్టనుద్దేశింపని నివాసము స్వదేశమున గలవాడని చూపవలెను. స్థిరమైన ఇల్లు, జీతము లేని సంచారకళాకారునకు ఇది కష్టము. కుటుంబము, రాబోవు జాతరల ఒప్పందములు, ప్రభుత్వపు కళాకారుల పింఛను వంటి ఆధారములు ఇక్కడ ఉపకరించును.

వస్తుసామగ్రి విషయమునను జాగ్రత్త వలయును. పాత తోలుబొమ్మలలో కొన్ని జింకచర్మముతో చేయబడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వానిని దేశము దాటించుట నేరము కాగలదు. మేకచర్మముతో చేసినవానినే తీసికొనిపోవుట క్షేమము.

9. ఆంగ్లదేశ పద్ధతితో పోలిక

ఆంగ్లదేశమున విశిష్టత యను ప్రశ్నయే లేదు. అచ్చటి సంస్థ పిలిచినవాడు వృత్తి కళాకారుడగునా, పని అతని వృత్తికి చెందినదా యని మాత్రమే చూచెదరు. 2024 జనవరి 31నుండి అట్టి స్వల్ప ప్రదర్శనలు సామాన్య సందర్శక అనుమతిలోనే చేర్పబడినవి. ముందుగ నిశ్చితమైన ఆ పని దేశమున ప్రవేశించిన 30 దినములలో ముగియవలెను. దీర్ఘకాలమునకైనచో లైసెన్సుపొందిన సంస్థ ధ్రువపత్రముతో సృజన కార్మికుల తరగతిలో 12 మాసములవరకు ఉండవచ్చును. ఈ పద్ధతి సులభము. ఐనను వృత్తి నిరూపణకు పత్రికాప్రకటనలు, ఒప్పందములు గలవారికే అనుకూలము. అమెరికా పద్ధతి క్లిష్టమైనను, పేరులేని పరంపరకు చోటిచ్చుట దాని విశేషము.

10. ఉపసంహారము

పై విచారణచే తేలిన సారమిది. పి-3 తరగతి కీర్తికి బదులు కళాస్వరూపజ్ఞానమును ప్రమాణముగ గ్రహించినది. ఆ జ్ఞానము విశ్వవిద్యాలయములయందును, కళాకారుల కుటుంబములయందును ఉన్నది. ఈ రెండింటిని కలుపునది నిపుణుని లేఖ. దానిని మొగమోటముతో వ్రాసిన అతిశయోక్తి కళాకారునకు మేలు చేయదు. అసత్యమని తేలినచో కీడు చేయును. వీసాకొఱకు తెలిసి ముఖ్యవిషయమున అసత్యము పలికినవానికి ఆ దేశ ప్రవేశము సామాన్యముగ జీవితాంతము నిషిద్ధము. ఆ దండన లేఖ వ్రాసినవానిపై గాక, అక్షరము రాని గాయకునిపై పడుటకు అవకాశము కలదు.

కావున జానపద వాఙ్మయమున పనిచేయు పరిశోధకులు తమ క్షేత్రపర్యటనలలో కథాపాఠమును సేకరించుటతో తృప్తినొందక, ప్రతి కళాకారుని గురుపరంపరను, నేర్చిన కథలను, ప్రదర్శనస్థలములను, తేదీలను, ఛాయాచిత్రములతో సహా వ్రాసి శాఖయందు భద్రపఱచుట మంచిది. అట్టి వివరపట్టిక సిద్ధాంతవ్యాసమునకు ఆధారము. అవసరమైననాడు లేఖకును ఆధారము. పాఠము సేకరించుకొనివచ్చి, పాడినవానిని మఱచిపోవుట మన విద్యకు ఇంతకాలము వచ్చిన లోటు. పరదేశపు చట్టమొకటి, తాను తలపెట్టకయే, ఆ లోటును మనకు గుర్తు చేయుచున్నది.